తొమ్మిదో మదుము

ఏటా జూన్ మొదటి వారంలో జగదీశ్వరి పారాయణ మొదలుపెట్టేది. పారాయణ అంటే దేవుడి పుస్తకం అనుకునేరు. తను రాసిన ప్రోగ్రాం. పదకొండు వేల పైచిలుకు లైన్లు, అంతా ఒకటే ఫైలు. రోజుకింత అని భాగాలు వేసుకుని, మొదటి లైను నుంచి చివరి లైను దాకా ఏడు రోజుల్లో వినేది. ఆ వారం ఆఫీసులో ఎవరూ ఆమెను పలకరించేవారు కాదు. పలకరించినా వినపడదు, రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు ఉంటాయి.

ఆమెకు చూపు లేదు. నాలుగో ఏట పొంగు పోసి పోయింది. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేరు ఒకటుంటుంది, ఆమె చదువూ ఉద్యోగమూ అన్నీ దానితోనే. అందులో పలికే గొంతును ఆమె ఎంత వేగంగా పెట్టుకుంటుందంటే, పక్కన కూర్చున్నవాళ్లకు పోపులో ఆవాలు చిటపటలాడినట్టు ఉంటుంది తప్ప ఒక్క ముక్క అర్థం కాదు. ఆ చిటపటల్లో జగదీశ్వరికి మాత్రం ఒక కాలువ వినిపించేది. కళ్లు మూసుకుని వినేది. మూసుకున్నా తెరుచుకున్నా ఒకటే కదా అని ఎవరైనా అంటే, కాదండీ, మూసుకుంటే ఇంకా బాగా వినపడుతుంది అని నవ్వేది.

ఆ కాలువ సంగతి ముందు చెప్పుకోవాలి. నెల్లిమర్లకు ఎగువన చంపావతి ఒడ్డున ఒక రైతుల సంఘం మోటార్లు పెట్టి నీరు పైకి తోడి కాలువలో పోస్తుంది. ఆ కాలువకు తొమ్మిది మదుములు. మదుము తలుపు ఎత్తితే దాని కింద పొలాలకు నీరు, దించితే లేదు. తొమ్మిదోది దాటితే కాలువ వెళ్లి గెడ్డలో, అంటే వాగులో, కలుస్తుంది, ఆ నీరు ఇంక ఎవరికీ కాదు. నీరు తక్కువ, పొలాలు ఎక్కువ, కాబట్టి ఎవరి వంతు ఎప్పుడన్నది తేలాలి. పూర్వం దానికి కర్రలు లేచేవి. ఇప్పుడు జగదీశ్వరి ప్రోగ్రాం తేలుస్తుంది. నదిలో మట్టం ఎంత, ఎన్ని మోటార్లు తిరుగుతున్నాయి, ఈ వంతు ఎవరిది, అన్నీ చూసుకుని, ఏ మదుము ఏ నిమిషానికి ఎత్తాలో కట్టి, మదుములు చూసే లస్కరుకు ఫోను చేస్తుంది. వంతు ముగిసే వేళకు మళ్లీ చేస్తుంది, అప్పుడు తలుపు దించేయాలి. ఫోనులో పలికే గొంతు కూడా జగదీశ్వరిదే. "మూడో మదుము, తియ్యండి." పదకొండేళ్ల కిందట, ముప్పయ్యో ఏట, ఒక మధ్యాహ్నం కిటికీలు మూసి రికార్డు చేసింది. తర్వాత ఆమె గొంతు కాస్త బరువెక్కింది గానీ కాలువ గట్టు మీద మాత్రం ఆమెకు వయసు రాలేదు.

విజయనగరంలో గంటస్తంభం దగ్గర, ఒక బట్టల కొట్టు మీద రెండో అంతస్తులో వాళ్ల ఆఫీసు. మొత్తం ఆరుగురు. యజమాని హరిచరణ్ మంచివాడే, కాకపోతే ఎవరికీ నొప్పి తగలకూడదని ప్రతి మాటకూ దూది చుట్టి మాట్లాడతాడు. జగదీశ్వరి నెల్లిమర్ల నుంచి షేర్ ఆటోలో వచ్చి, ముప్పై నాలుగు మెట్లు ఎక్కి, కిటికీ పక్క కుర్చీలో కూర్చునేది. మెట్ల లెక్క ఆ కొట్టు యజమానికి కూడా తెలియదు, ఆమెకు తెలుసు.

చిన్నప్పుడు అందరూ ఆమె చేతికి వయొలిన్ ఇచ్చారు. చూపు లేని పిల్లకు సంగీతం దానంతట అదే వచ్చేస్తుందని ఊళ్లో ఒక గట్టి నమ్మకం. ఆ నమ్మకం పెట్టుకున్న పెద్దమనుషులంతా రెండేళ్లు ఆ చప్పుడు విని ఉంటే తెలిసేది. చివరికి మాస్టారే వచ్చి, పిల్లకు తాళం ఉంది, శ్రుతి లేదు, మీ శ్రమా నా శ్రమా ఎందుకని చెప్పి వెళ్లారు. ఆ తర్వాత విశాఖలో చూపు లేని పిల్లల బడిలో చేరి కంప్యూటరు నేర్చుకుంది. అక్కడ శ్రుతి అక్కర్లేదు.

తండ్రి చంద్రశేఖరం గారు రామతీర్థం కోవెలలో పారాయణ చేసేవారు. పుస్తకం ముందు ఉండేది గానీ పేజీ తిప్పడం మర్చిపోయేవారు, అంతగా నోటికి వచ్చు. కూతురికి పద్యాలూ శ్లోకాలూ అలాగే నేర్పారు. అర్థం అడిగితే, ముందు నోటికి రావాలమ్మా, అర్థం దానంతట అదే వస్తుంది అనేవారు. జగదీశ్వరి ప్రోగ్రామును కూడా అలాగే పట్టుకుంది. ఏ లైను తర్వాత ఏ లైను వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. సంఘం నుంచి ఏదైనా తేడా వచ్చిందని ఫోను వస్తే, ఆమె కాసేపు తల వంచుకుని, ఏడు వేల రెండు వందల లైన్లు దాటాక కుడి చేతి వైపు చూడండి అనేది. అది అక్కడే ఉండేది. ఆఫీసులో కుర్రాళ్లు దాన్ని మహిమ అనుకునేవారు.

ఆ కాలువ మీద ఆమె నడిచింది ఒక్కసారే, ప్రోగ్రాం రాయకముందు. లస్కరు లక్ష్ముడు చెయ్యి పట్టుకుని మోటార్ల షెడ్డు నుంచి మూడో మదుము దాకా తీసుకెళ్లాడు. అక్కడ వాన పట్టుకుంటే వెనక్కి తిరిగారు. మిగతా మదుముల సంగతి లక్ష్ముడు తర్వాత ఒక్కొక్కటే నోటితో చెబుతూ వచ్చాడు. కానీ కలలో మాత్రం ఆమె చాలాసార్లు నడిచింది. ఎడమ చేతి వైపు నీరు, కాళ్ల కింద మెత్తటి గట్టు, ఒక్కో మదుము దగ్గర ఒక్కో చప్పుడు. ఆ కలలో ఎక్కడా తడుముకునే పని లేదు. మెలకువ వచ్చాక కూడా కాసేపు అరికాళ్లకు చల్లగా ఉండేది.

సంఘం ఫోన్లు కాక, మనుషుల ఫోన్లు కొన్ని వచ్చేవి. వాటిలో కూర్మమ్మది ఏటా తప్పేది కాదు. తొమ్మిదో మదుము కింద ఆమెకు ఎకరంన్నర పొలం. తొలకరి వంతులు మొదలవగానే ఫోను చేసేది. "నీరొచ్చి మదుము ముందర నిలబడతాది పాపా. నాను సూస్తానే ఉంతాను. లచ్చుడేమో ఫోను మోగలేదంతాడు. అలగ ముప్పావు గంట నీరంతా గెడ్డలోకి పోతాది. నీ కంప్యూటరుకి ఓపాలి సెప్పు." జగదీశ్వరి ఓపికగా, మదుము ముందు గుంట నిండాలి కదమ్మా, తొందరపడి తలుపు ఎత్తితే నీరు ఎక్కదు అని చెప్పేది. గుంటేటి అని కూర్మమ్మ ఏదో అనబోయేది, ఈలోగా ఇంకో ఫోను వచ్చేది. అలా తొమ్మిదేళ్లు. గత రెండేళ్లుగా ఆ ఫోను రావడం మానేసింది. పెద్దావిడకు చివరికి అర్థమైంది పాపం అని జగదీశ్వరి సంతోషించింది.

కిందటి శీతాకాలం హరిచరణ్ ఆమె కుర్చీ పక్కకు వచ్చి కూర్చుని, చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడి, అసలు సంగతికి వచ్చాడు. ఈ ప్రోగ్రాం ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమెకు జ్వరం వస్తే కాలువకు జ్వరం వచ్చినట్టే. కొత్తగా చేరిన శైలజ రెండు నెలలు దానితో కుస్తీ పట్టి ఏడుపు మొహం పెట్టింది. అందుకని ఆ పిల్ల చేత కోడంతా సర్దించాలనుకుంటున్నాడు. చేసే పని మారదు, అమరిక మాత్రం మారుతుంది. పెద్ద ముక్కలు చిన్నవి అవుతాయి, ఒకేలా ఉన్నవి ఒకటవుతాయి, ప్రతి దానికీ చూడగానే తెలిసే పేరు ఉంటుంది. జూన్‌లో నీరు వదిలే ముందు జగదీశ్వరి మొత్తం విని, సరేనంటేనే కొత్తది పెడదాం, కాదంటే పాతదే నడుస్తుంది అన్నాడు. ఆ చివరి మాట ఆయన ఆమె మీద గౌరవంతో అన్నదే.

శైలజ గజపతినగరం వైపు రైతుల పిల్ల. ఇరవై నాలుగేళ్లు. నాలుగు నెలలు తల ఎత్తకుండా పని చేసింది. ఒక్క ఫైలు నూట నలభై ఫైళ్లయింది. ప్రతి చిన్న ముక్కా పాతదానిలాగే పని చేస్తోందా లేదా అని పరీక్షలు రాసి పెట్టింది, అన్నీ నెగ్గాయి. ఆఫీసులో కుర్రాళ్లు ఒక్కొక్కరే వచ్చి చూసి, ఓహో ఇది ఇందుకా అని మొదటిసారి అర్థం చేసుకున్నారు. పదకొండేళ్లుగా మహిమ అనుకున్నది పిల్ల కాలువంత సులువుగా కనిపించేసరికి వాళ్లకు ఆనందం ఆగలేదు. ఆ ఆనందమంతా జగదీశ్వరి కిటికీ పక్కన కూర్చుని వింది.

జూన్ మొదటి సోమవారం ఆమె కొత్తదాన్ని వినడం మొదలుపెట్టింది. శుక్రవారానికి తన మాట చెప్పాలి. ఒక ముక్క నాలుగు లైన్లుండేది, పని చేయబోయి, మిగతాది ఫలానా ముక్కను అడుగు అనేది. ఆ ముక్క దగ్గరకు వెళితే అది ఇంకోదాన్ని అడగమనేది. చూపున్నవాళ్లు తెర మీద రెండు కిటికీలు పక్కపక్కన పెట్టుకుని అటూ ఇటూ చూస్తారు. ఆమె ప్రతిసారీ వచ్చిన దారి గుర్తుపెట్టుకుని వెళ్లి, తిరిగి రావాలి. మూడు మలుపులకు దారి తప్పేది. తొమ్మిది మదుముల కాలువ ఎటు పోయిందో తెలిసేది కాదు. మంగళవారం తెల్లవారుజామున వచ్చిన కలలో గట్టు లేదు, నీరు లేదు. ఒక పెద్ద ప్రభుత్వ కచేరీ, వరసగా గదులు. ప్రతి గదిలోనూ ఒక మర్యాదైన మనిషి, నాకు తెలియదండీ, పక్క గదిలో అడగండి అంటున్నాడు. ఏ గది నుంచి వచ్చిందో మర్చిపోయి, వసారాలో నిలబడి, చెప్పులు ఎక్కడ విడిచానా అని తడుముకుంటూ ఉండగా మెలకువ వచ్చింది. ఆ రోజు ముప్పై నాలుగు మెట్లు ఎక్కుతూ ఆమె నిజంగా భయపడింది. శుక్రవారం సరేనంటే, సోమవారం నుంచి ఆ ప్రోగ్రాంలో తను దారి అడిగే మనిషి అవుతుంది. నలభై ఒకటో ఏట, ఇంకోసారి చూపు పోయినట్టు. కాదనడానికి కారణం ఒక్కటి దొరికితే చాలనుకుంది.

బుధవారం మధ్యాహ్నం దొరికింది.

పాత ప్రోగ్రాంలో ఒక పద్నాలుగు లైన్ల ముక్క రెండుసార్లు వచ్చేది. పారాయణలో మూడో రోజు ఒకసారి, ఆరో రోజు ఒకసారి. మొదటిది మూడో మదుము దగ్గర నలభై నిమిషాలు ఆగడానికి, రెండోది తొమ్మిదో మదుము దగ్గర నలభై నిమిషాలు ఆగడానికి. ఆరో రోజు అది వస్తే, ఇంక అయిపోవచ్చిందని ఆమెకు గుర్తు. కొత్తదానిలో నూట నలభై ఫైళ్లూ వెతికించినా అది ఒక్కసారే వచ్చింది. మళ్లీ వెతికించింది. ఒక్కసారే. ఆమె గుండెలో ఒక సంతోషం లేచింది. అది మంచి సంతోషం కాదని తెలుసు. అయినా కాసేపు అలాగే కూర్చుని దాన్ని అనుభవించింది.

హరిచరణ్ ఉన్నప్పుడే శైలజను పిలిచింది. తొమ్మిదో మదుము దగ్గర ఆగే ముక్క ఏదని అడిగింది. శైలజ తడబడలేదు. రెండూ అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉన్నాయి కాబట్టి ఒక్కటే ఉంచానని, మూడోదీ తొమ్మిదోదీ ఆ ఒక్కదాన్నే వాడుకుంటాయని, కాలువ మీద పని ఏమీ మారదని చెప్పింది.

"ఒకేలా ఉన్నంత మాత్రాన ఒకటి కాదు," అంది జగదీశ్వరి. "మూడో మదుము ముందు ఇటికలకి మట్టి తవ్విన గుంట ఉంది. నీరు ముందు అందులో దిగుతుంది. అది నిండాక గానీ మదుముకి ఎక్కదు. నలభై అందుకు. రేపు ఆ గుంట ఎవరైనా పూడిస్తే ఆ అంకె మారుస్తాం. నీ అమరికలో అక్కడ మారిస్తే తొమ్మిదో మదుముది కూడా మారిపోతుంది."

హరిచరణ్ కుర్చీ కిర్రుమంది. మాట నిజమే. ఒకేలా కనిపించినవన్నీ కలిపేయడం చిన్నవాళ్ల తొందర. శైలజ కాగితం మీద ఏదో రాసుకుంది, పెన్ను గీసిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆ పిల్ల మామూలుగా, నేర్చుకునేవాళ్లు అడిగినట్టే అడిగింది.

"మరి తొమ్మిదోదాని కాడ నలభై ఎందుకు మేడమ్? అక్కడ ఏటున్నాది?"

జగదీశ్వరి చెప్పబోయింది. నోటికి ఆ పద్నాలుగు లైన్లు వచ్చాయి, వరసగా, ఒక్కటీ తప్పకుండా. వాటి తర్వాతి లైను కూడా వచ్చింది. వాటి వెనక ఏముందో మాత్రం రాలేదు.

శైలజ గొంతు తగ్గించింది. "ఆ ముక్క మీద మీరే ఒక మాట రాశారు మేడమ్. 'లక్ష్ముడిని అడగాలి' అని. అడిగేసే ఉంటారని నాను దాని జోలికి పోలేదు. కొత్తదాన్లో కూడా అలాగే ఉంచాను."

కోడులో కంప్యూటరు పట్టించుకోని లైన్లు కొన్ని ఉంటాయి. మనిషి తన కోసం, తన తర్వాత వచ్చేవాళ్ల కోసం రాసుకునే మాటలు అవి. జగదీశ్వరి వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలుగా రాసుకునేది. చదివే గొంతుకు తెలుగు రాదు కాబట్టి వాటిని నమిలి పలికేది. ఆ నములుడు వినలేక, మొదటి ఏడాదే ఆ లైన్లు దాటేసి చదివేలా పెట్టుకుంది. ఆ తర్వాత పదకొండు పారాయణలు చేసింది. తన కోసం తను వేసుకున్న కేక ఒక్కసారి కూడా ఆమె చెవిన పడలేదు.

ఇప్పుడు గుర్తొచ్చింది. మొదటి ఏడాది, నీరు వదలడానికి రెండు రోజులు. లక్ష్ముడు ఎనిమిదో మదుము దాకా చెప్పి, పచ్చకామెర్లతో మంచం ఎక్కాడు. తొమ్మిదోదానికి ఏదో ఒకటి పెట్టాలి. మూడోదాన్ని తెచ్చి అక్కడ పెట్టి, లేచాక అడిగి దిద్దుదాం అనుకుంది. లక్ష్ముడు లేచాడు. ఈలోగా ఆ లైన్లు ఆమెకు నోటికి వచ్చేశాయి. నోటికి వచ్చినదాన్ని ఎవరు అడుగుతారు?

ఆమె ఫోను తీసి లక్ష్ముడికి చేసింది. పదకొండేళ్ల కిందట అడగవలసిన మాట అడిగింది.

"గుంటా?" అన్నాడు లక్ష్ముడు. "తొమ్మిదోదాని కాడ గుంటేటి తల్లీ, అడుగంతా బండరాయి. నీరొచ్చీసరికి తలుపుకి కొట్టుకుంతాది."

మరి ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదని అడిగింది. అడగకూడదని తెలిసీ అడిగింది.

"ఫోన్లో సెప్తన్నది నువ్వే గదా. నాకు తెల్దు గానీ నీకు ఏదో తెలిసుంతాదనుకున్నాను."

హరిచరణ్ కాసేపు గొంతు సవరించుకుని, దూది వెతుక్కుని, ఇప్పుడు దిద్దేస్తే సరిపోతుంది కదా, బయట ఎవరికీ చెప్పక్కర్లేదు అన్నాడు. జగదీశ్వరి ఇయర్‌ఫోన్లు చుట్టి సంచిలో పెట్టుకుని, ఆ రోజుకు ఇంటికి వెళతానంది. మెట్లు దిగుతూ లెక్క తప్పింది. కూర్మమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. నీరొచ్చి మదుము ముందర నిలబడతాది పాపా. ఆ ముసలావిడ కళ్లతో చూసినదాన్ని, తను నోటికి వచ్చినదానితో తొమ్మిదేళ్లు కాదంది.

ఆ సాయంత్రం వసారాలో తండ్రి పక్కన కూర్చుంది. ఆయనకు ఇప్పుడు డెబ్భై ఎనిమిది. ఇప్పటికీ దీపాల వేళకు అలవాటుగా కొంత చదువుకుంటారు. చదవడం ఆపాక, నాన్నా, అర్థం దానంతట అదే వస్తుందనేవారు కదా, వచ్చిందా అని అడిగింది. ఆయన పుస్తకం మూసిన చప్పుడయింది. వీధిలో ఆటో ఒకటి వెళ్లిపోయింది.

"కొన్ని వచ్చాయి జగదా. కొన్ని ఇప్పటికీ రాలేదు."

"రానివి ఎవరినైనా అడగకపోయారా?"

"అడిగితే, ఇన్నాళ్లూ తెలియకుండానే చదివానని తెలిసిపోదూ?"

అని ఆయన నవ్వారు. ఆమెకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి, మళ్లీ చదువు మొదలుపెట్టారు.

శుక్రవారం ఆమె సరేనంది. కొత్తదే పెట్టమంది, తొమ్మిదో మదుము దగ్గర ఆగడం తీసేసి. ఒక్కటే కోరింది. నూట నలభై ముక్కల్లో ప్రతిదాని మీదా, అది ఏం చేస్తుందో కాదు, ఎందుకు చేస్తుందో ఒక్క మాట రాసి ఉండాలి, తెలియకపోతే తెలియదని రాయాలి. ఇక మీదట ఆ మాటలు దాటకుండా వింటుంది, ఎంత నమిలినా సరే. శైలజ తన కుర్చీ ఈవిడ కుర్చీ పక్కకు లాక్కుంది. పొద్దున్నే గంటసేపు ఇద్దరూ కలిసి ప్రోగ్రాం వెంట నడిచేవారు, ఆ పిల్ల ఇది ఇందుకు మేడమ్ అనేది, ఈవిడ ఎందుకందుకు అని అడిగేది. నూట నలభైలో ఇరవై మూడింటికి జగదీశ్వరి దగ్గర జవాబు లేదు. వాటి గురించి సంఘం వాళ్లకూ, మోటార్ల షెడ్డు మనిషికీ ఫోన్లు చేశారు. దారి ఇంకా తప్పేది. తప్పినప్పుడు అడిగేది.

తొమ్మిదో మదుముకు ఆ ఏటి మొదటి వంతు ఒక ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు పడింది. శైలజ బండి మీద వెనక కూర్చుని జగదీశ్వరి బయల్దేరింది. మూడో మదుము దాటాక దారి ఆమె ఎప్పుడూ రానిది. కలలో అక్కడ గట్టు మెత్తగా ఉండేది, ఇక్కడ కంకర. కలలో చల్లగా ఉండేది, ఇక్కడ వడగాలి. చిత్రంగా ఆమెకు ఇదే కలలా అనిపించింది. లక్ష్ముడు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని, మదుము గోడ మీద కూర్చోబెట్టాడు. వేడి రాయి. ఆమె చెప్పులు విడిచి పాదం కిందకు చాచింది. అడుగున కూడా రాయే. గుంట లేదు.

కూర్మమ్మ అప్పటికే అక్కడ ఉంది. జగదీశ్వరి నోరు తెరవగానే గుర్తుపట్టింది, మదుము తియ్యండి అనే పిల్లవే గదా అని. జగదీశ్వరి ఎక్కువ మాటలు వాడలేదు. ఇక్కడ గుంట ఉందని తనే రాశానని, అడగకుండా రాశానని, మీరు చెప్పినదే నిజమని అంది. రెండేళ్లుగా మీరు ఫోను చేయకపోతే సర్దుకుందనుకున్నానని కూడా చెప్పింది.

"ఫోనెందుకు?" అంది కూర్మమ్మ. కోపం లేదు. "నాను సెప్పిందే సెప్తాను, నువ్వు సెప్పిందే సెప్తావు. వరి మానేసి చోళ్లు వేసుకుంతన్నాను."

చోళ్లంటే రాగులు, వాటికి వరి అంత నీరు అక్కర్లేదు.

ముందు ఎండుటాకులు దొర్లుతున్న చప్పుడు వచ్చింది. దాని వెనక ఒక పలచటి గలగల. నీరు. అది దగ్గరకు వచ్చి తలుపుకు మెత్తగా తగిలింది. తగిలీ తగలగానే లక్ష్ముడి జేబులో ఫోను మోగింది. అతను అందరికీ వినపడేలా పెట్టాడు. "తొమ్మిదో మదుము, తియ్యండి." కిటికీలు మూసిన గదిలో ఒక మధ్యాహ్నం, ముప్పై ఏళ్ల అమ్మాయి, ఏ తడబాటూ లేని గొంతుతో చెబుతోంది. జగదీశ్వరి ఆ అమ్మాయిని విని, ఎంత ధీమా దీనికి అనుకుంది.

లక్ష్ముడు చక్రం తిప్పాడు. నీరు కిందకు దిగింది.

ఇక వెళ్దామా మేడమ్ అని శైలజ అడిగితే, నలభై నిమిషాలయ్యాక చెప్పమని ఆమె గోడ మీదే కూర్చుంది. ముందు ఎండిన మట్టి నీరు తాగుతున్న చప్పుడు, సన్నగా బుసలాగా. తర్వాత బోదెలో నిండుతున్న చప్పుడు. ఎక్కడో గట్టు తెగితే కూర్మమ్మ వెళ్లి పారతో రెండు దెబ్బలు వేసి వచ్చి పక్కన కూర్చుంది. ఒక కొంగ రెక్కలు కొట్టుకుంటూ దిగింది. తడి మట్టి వాసన లేచింది. ఎవరో దూరంగా ఎవరినో పిలిచారు. చాలాసేపయింది, అయిపోయి ఉంటుందనుకుని, అయిందా అని అడిగింది. పద్దెనిమిదే అయింది మేడమ్ అంది శైలజ. ఆమె మళ్లీ విన్నది. నీరు మడి దాటి రెండో మడిలో పడుతోంది. ఇంత నీరు. వంతుకింత, ఏడాదికి ఎన్ని వంతులో, అన్నేళ్లు. రెండు కళ్లలోంచీ నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

నలభై అయిందని శైలజ చెప్పింది.

"సూసినావా, ఎంత సేపో," అంది కూర్మమ్మ.

ఈ ఏడు వరి వేస్తారా అని జగదీశ్వరి అడిగింది. కూర్మమ్మ మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచింది. రెండు వంతులు సూత్తాను, సరీగా పడితే అప్పుడు వరి ఆకుమడి పోత్తాను అంది. పార భుజాన వేసుకుని, నీరు పారుతున్న వైపు వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్న జగదీశ్వరి ముప్పై నాలుగు మెట్లు ఎక్కి, శైలజ వచ్చేలోగా, తొమ్మిదో మదుము ఫైలు వెతుక్కుని తెరిచింది. లక్ష్ముడిని అడగాలి అన్న మాట చెరిపేసి, ఆ చోట కొత్త మాట రాసింది. 'ఇక్కడ గుంట లేదు. కూర్మమ్మ గారు తొమ్మిదేళ్లు చెప్పారు.' చదివే గొంతు దాన్ని ఎప్పట్లాగే నమిలి పలికింది. ఆమె వేగం బాగా తగ్గించి, ఇంకోసారి వింది.